స్పూన్ లేదు

"నీ సెలెక్షన్ అంటే ఇంతే మరి," అన్నాడు భర్త, సూప్ గిన్నెలో చిటికెనవేలు ముంచి చూసి. సూప్ చల్లగా ఉంది. అది తనే కాచినట్టు ఆమె మొహం చిన్నబోయింది.

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె సొంతంగా ఎంచుకున్న మొదటి ముచ్చట ఇది. సెలవులకి ఏ ఊరు వెళ్ళాలో ఆయన ఎంచాడు, హోటల్ ఆయన ఎంచాడు, కిటికీ పక్క మంచం కూడా ఆయనే ఎంచుకున్నాడు. హోటల్ కౌంటర్ మీద 'సంప్రదాయ నృత్యాలతో విందు' అన్న కాగితం చూసి, "ఇది చూద్దామండీ" అని ఆమె నోరు తెరిచి అడిగింది. ఎవరో వండింది ఎవరో తెచ్చిపెడుతుంటే, ఒక్క సాయంత్రం, కుర్చీలోంచి లేవకుండా ఒక ఆట మొదటినుంచి చివరిదాకా చూడాలి. అంతకు మించి ఆమె కోరిందేమీ లేదు.

తీరా వస్తే, కాగితం మీద ఇరవైమంది ఉన్న నర్తకులు వేదిక మీద ఐదుగురే తేలారు. వాయిద్యాలు గోడకి వేలాడుతున్నాయి. పాట స్పీకర్లోంచి వస్తోంది, అదీ రెండు నిమిషాలకోసారి గుటకలు మింగుతూ. యోధుడి వేషం కట్టినాయన ఆవులింత ఆపుకోలేక డాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, పొద్దున మన పెట్టెలు మోసినాయన కాదూ?" అంది పక్క కుర్చీలో ఉన్న అత్తగారు. అక్షరాలా ఆయనే.

"స్పూన్ లేదు," అన్నాడు భర్త.

ఆయన ఏదీ అడగడు. లేదని ప్రకటిస్తాడంతే. ఉప్పు లేదు, టవల్ లేదు, చొక్కాకి బొత్తాం లేదు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే ఆమె లేచి నడుస్తూ ఉంటుంది. ఆమె పనిచేసే ఆస్పత్రిలోనూ అదే వరస. పొద్దస్తమానం ఎక్స్‌రే బల్ల మీది జనాన్ని "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అనే మనిషి, పెద్ద డాక్టరు తొంగిచూసి "టీ రాలేదే" అంటే తనే కదిలిపోతుంది. టీ తేవడం ఆమె ఉద్యోగం కాదని ఇద్దరికీ తెలుసు. ఇక అత్తగారు, కాపురానికొచ్చిన మొదటి వారంలోనే చెప్పేసింది, "వాడికి అడగడం చేతకాదమ్మా, మనమే కనిపెట్టుకుని ఉండాలి" అని. అలా కనిపెట్టుకుని ఉండటంలోనే ఆమె ముందున్న అన్నాలన్నీ చల్లారిపోయాయి, ఆమె చూసిన సినిమాలన్నిట్లో సగం కథ పోయింది.

అలవాటుగా సగం లేచింది. సరిగ్గా అప్పుడే వేదిక మీద, అందరిలోకి పెద్దదైన నడివయసు నర్తకి నడుముపట్టీ ఊడింది. ఆవిడ ఎడమచేత్తో దాన్ని ఒడిసిపట్టుకుని, కుడిచేత్తోనే నాట్యం కానిచ్చేసింది. చంకలో బిడ్డతో పప్పు కలిపిన ఆడదానికి అదో లెక్కా? ఇద్దరి చూపులూ కలిశాయి. నర్తకి కిసుక్కున నవ్వింది. తన పొరపాటుకి తనే, అంతమంది ముందు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా.

ఆ నవ్వు చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది. ఊపిరి బిగబట్టు, కదలకు, అని తనకి తనే చెప్పుకుని మళ్ళీ కూర్చుంది.

"స్పూన్ లేదంటున్నా!"

"అవునండీ, లేదు," అంది ఆమె, వేదిక మీంచి చూపు తిప్పకుండా.

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. చెయ్యి ఎత్తి మళ్ళీ దించాడు. చివరికి గొణుక్కుంటూ వెళ్ళి స్పూన్ తెచ్చుకున్నాడు. ఒక్కటే.

అత్తగారు ఆ స్పూన్ వంక చూసింది, తన గిన్నె వంక చూసింది, కోడలి గిన్నె వంక చూసింది. తర్వాత అచ్చం కొడుకు గొంతుతో, ఎవరి వంకా చూడకుండా అంది.

"మాకూ లేవు."

ఆయన మళ్ళీ లేచాడు. అత్తాకోడళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

ఆట అయ్యాక చప్పట్లు కొట్టింది ఆ బల్ల దగ్గర వాళ్ళే. యోధుడు ఉలిక్కిపడి, రెండోసారి కూడా వంగి దణ్ణం పెట్టాడు.

"ఇంత చెత్త ఆటలో నీకంత నచ్చిందేమిటి?" అన్నాడు భర్త, బయటికి నడుస్తూ.

"మొత్తం చూశానండీ," అంది ఆమె.