సోమవారం ఏడున్నర

నా కొడుకు ప్రహ్లాద్ నాతో సరిగ్గా మాట్లాడక నాలుగు రోజులైంది. ఇంట్లో ఉండేదే ఇద్దరం. పొద్దున నేను పూజ ముగించి గంట కొడితే వచ్చి తీర్థం పుచ్చుకునేవాడు, బేగంపేట బస్సుకు పోయేవాడు. సాయంత్రం ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర దిగి నడుచుకుంటూ వచ్చి, పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. అన్నం పెట్టనా అంటే తలూపేవాడు.

సంగతేమిటో శుక్రవారం ఉత్తరం చెప్పింది. నేను నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను. ప్రహ్లాద్ విమానం నడపడం నేర్చుకునే బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు అక్కడికే రాశారు. మీ అబ్బాయి మొన్న సోమవారం ఒంటరిగా విమానం నడపమంటే నడపనన్నాడు, భయపడ్డాడని అనుకుంటున్నాం, వచ్చే సోమవారం కూడా ఇలాగే చేస్తే సీటు మరొకరికి ఇవ్వవలసి వస్తుంది. అదీ ఉత్తరం.

పక్క బల్ల దగ్గర శ్రీపతి నా మొహం చూశాడు. "ఏందయ్యా వామన్‌రావ్, గట్లున్నవ్? పార్సిల్ గిట్ల పోయిందా?"

"పిల్లగాడు భయపడ్డడట."

"ఎవరు, ప్రహ్లాదా? గూడ్సు డబ్బాల మీదికెల్లి దుంకి నీతోని తన్నులు తిన్నోడు, వాడికి భయమా? జర మంచిగ చదువు, వేరేటోళ్ల ఉత్తరమేమో!"

నాకు నవ్వు రాలేదు. సోమవారం అన్న మాట దగ్గరే నా కన్ను ఆగిపోయింది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం.

విమానాల కంపెనీలో పైలట్ కావాలంటే ఏమేమి కావాలో చేరిన కొత్తలో వాడు నాకు వరుసగా చెప్పాడు. డాక్టర్లు నిలువెల్లా పరీక్ష చేస్తారు. దారి కనుక్కోవడం, మబ్బులూ గాలులూ, ఆకాశంలో పాటించవలసిన చట్టాలు, అన్నిటికీ పరీక్షలున్నాయి. అన్నిటికీ మించి రెండు వందల గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు ఒంటరిగా.

"ఒంటరిగ ఎందుకురా?" అన్నాను.

"రేపు ఏదన్న అయితే నేనే తేల్చుకోవాలె కద బాపూ. ఎప్పటికీ పక్కన సారు ఉంటడా?"

వాళ్లు నేర్చుకునే చిన్న విమానం పేరు పుష్పక్ అని విని ఎంతో మురిసిపోయాను. కాని ఒంటరిగా అన్న మాట మనసులో ఉండిపోయింది. ఆ సాయంత్రమే వాణ్ణి వాళ్లమ్మ సౌభాగ్య ఫోటో ముందు నిలబెట్టి చేతిలో చెయ్యి వేయించుకున్నాను. సారు పక్కన ఉంటే ఎప్పుడైనా ఎగురు. నువ్వొక్కడివే అయితే మాత్రం రాహుకాలంలో వద్దు. వాడు ఒక క్షణం నా మొహం చూసి సరేనన్నాడు. క్లబ్బులో ఉన్నవి రెండే విమానాలు. ఎగరడానికి వారానికి ఒక్క వంతు, మిగతా రోజులు పాఠాలు. వాడికొచ్చిన వంతు సోమవారం ఏడున్నర.

శనివారం సెలవు పెట్టి బేగంపేట వెళ్లాను. ఇన్‌స్ట్రక్టర్ అమరేశ్వరరావు గారు గుంటూరు వైపు మనిషి, యాభై దాటినవాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు.

"అదా సంగతి! నాతో ఒక్క ముక్క అనలేదండీ మీవాడు. నేను దిగి, ఇక నువ్వెళ్లిరా అంటే, ఇంజను ఆపేసి తల దించుకు కూర్చున్నాడు."

"తొమ్మిది తర్వాత పంపుతె కాదా సార్? ఒక్క గంట."

"తొమ్మిదైతే గాలి లేస్తుందండీ. మొదటిసారి వెళ్లేవాడికి గాలి నెమ్మదిగా ఉండాలి. అయినా ఏ రోజు మేం దిగిపోయి ఒంటరిగా పంపుతామో ముందుగా చెప్పం. చెబితే రాత్రి నిద్రపోరు. ఇప్పుడీ ఉత్తరం వల్ల మీవాడికి తెలిసిపోయిందనుకోండి." ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "వసిష్ఠుడంతటివాడు పెట్టిన ముహూర్తానికే రాముడు అడవికి పోయాడు కదండీ. రేపు వీడి వెనక డెబ్భైమంది కూర్చుంటారు. ఇది రాహుకాలం, కాసేపు ఆగండి అంటాడా?"

ఆయనకు దండం పెట్టి బయటికి వచ్చాను. నాంపల్లి నుంచి రైళ్లు రాహుకాలంలోనూ బయలుదేరతాయి. పాతికేళ్లుగా నా చేతులతోనే వాటిలో పార్సిళ్లు ఎక్కిస్తున్నాను. అవి చేరవలసిన ఊళ్లకు చేరుతూనే ఉన్నాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు.

తెలిసి కూడా ఎందుకు పట్టుకు వేలాడాను? బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను అడుక్కున్నాను.

తొమ్మిదేళ్ల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం సౌభాగ్యకు కడుపులో నొప్పి లేచింది. రిక్షా పిలిచాను. రిక్షా వచ్చేసరికి మూడు దాటింది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. కీడు వేళలో దవాఖానకు బయలుదేరితే తిరిగి రారని మా అమ్మ అనేది. ఒక గంటన్నర ఓర్చుకో అన్నాను. సౌభాగ్య ఓర్చుకుంది. వాకిట్లో రిక్షావాడు రెండుసార్లు గంట కొట్టాడు. నాలుగున్నర దాటాక బయలుదేరాం. ఆమె తిరిగి రాలేదు. ఆలస్యమైందని డాక్టరు అనలేదు. నేను అడగలేదు.

రాహుకాలం నిజమైతే నేను చేయవలసిందే చేశాను. కాకపోతే? ఆ ప్రశ్న దగ్గరికి తొమ్మిదేళ్లుగా పోలేదు. అందుకే ఒక్క పూట కూడా తప్పకుండా, ఆ వేళలో నేను ఏ పనికీ బయలుదేరకుండా వచ్చాను. దేవుడి మీద భక్తా అది, లేక నా మీద నాకు భయమా, ఇప్పటికీ చెప్పలేను.

ఆదివారం దీపం పెట్టాక ప్రహ్లాద్‌ను ఫోటో దగ్గరికి పిలిచాను.

"నీ మాట నీకిచ్చేస్తున్న బిడ్డా. రేపు సారు ఎగరమంటె ఎగురు."

వాడు కదలలేదు. "వద్దు బాపూ. సీటు పోతె పోనీ. డిగ్రీ ఉంది కద, ఏదన్న నౌకరి చూసుకుంట."

"ఎందుకురా గట్లంటవ్? నిజంగనే భయమైందా?"

"పడిపోతనని భయం కాదు." వాడు నేల చూస్తూ అన్నాడు. "క్షేమంగ దిగితె నువ్వేమైతవో అని."

ఆ మంగళవారం వాడికి పదకొండేళ్లు. గడప మీద కూర్చుని రిక్షాను చూస్తూ ఉన్నాడు. వాడికి గుర్తుండదనుకున్నాను. పిచ్చివాణ్ణి.

"గా రోజు మనం ఆగకుంటె అమ్మ బతుకుతుండెనా బాపూ?"

"తెల్వదు బిడ్డా." ఆ మాట పైకి అనడం అదే మొదలు. "నాకు తెల్వదు. గని నువ్వు మాత్రం పో."

మరునాడు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. నేను కంచె బయట నిలబడ్డాను. ఎనిమిది కావస్తుండగా పుష్పక్ దూరంగా ఆగింది. అమరేశ్వరరావు గారు దిగాడు. దిగి, మళ్లీ లోపలికి వంగి తన సీటు బెల్టులు రెండూ కలిపి బిగించి కట్టాడు. తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వచ్చేశాడు. లోపల నా కొడుకు తల ఒక్కటే కనిపించింది.

ఇంజను ఆగలేదు. విమానం పరుగెత్తి లేచింది. నాకు తెలిసిన స్తోత్రాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. సౌభాగ్యా, అని మాత్రం అనుకున్నాను. చిన్నదై, ఎడమకు తిరిగి, హుస్సేన్‌సాగర్ వైపు పోయి, మబ్బు కింద నుంచి మళ్లీ వచ్చి, ఒకసారి ఎగిరిపడి నేలమీద నిలిచింది. ఏడెనిమిది నిమిషాలు పట్టిందేమో. గడియారం చూడలేదు.

వాడితో నేర్చుకునే పిల్లలంతా అరుస్తూ వాడి చుట్టూ మూగారు. వాడు నవ్వుతూ వాళ్లను విడిపించుకుని కంచె దగ్గరికి పరుగెత్తి వచ్చాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"బాపూ..."

"మంచిగ దిగినవ్ బిడ్డా." విమానం వైపు చూశాను. "పక్క సీటు బెల్టులు ఎందుకు కట్టిండు సారు?"

"ఖాళీగ ఉంటె ఊగి చేతులకు అడ్డమొస్తయి బాపూ. అందుకని కడ్తరు."

"ఔ, కట్టాలె."

పోయి వాళ్లతో ఉండమని వాణ్ణి పంపేశాను. ఇంకా తొంభైతొమ్మిది గంటల పైచిలుకు వాడు అలా ఒక్కడే ఎగరాలి.

డ్యూటీకి వేళవుతోంది. రోడ్డు మీదికి వచ్చేసరికి నాంపల్లి బస్సు నిలబడి ఉంది. తొమ్మిది కావడానికి ఇంకా అరగంట ఉంది. ఎక్కి కూర్చున్నాను.