ఫలక్‌నుమా వంతెన ఎక్కని ఎర్ర కారు

సర్కారు నౌకరి చేసేవాడికి షికారు చేయడానికి ఒక కారుండాలని నా పాత పంతం. నౌకరి దొరికింది, కరెంటాఫీసులో గుమాస్తాను. కారూ దొరికింది, కాకపోతే బేకారు.

కారు పేరు చెప్పను. చెబితే మీరూ కొంటారు. ఎర్రటి చిన్న కారు, వయసు ఇరవై దాటింది, ఒకప్పుడు రేసుల్లో ఉరికిన జాతి. యాక్సిలరేటర్ మీద కాలు మోపితే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. అంత పికప్పు! ఉప్పుగూడలో మా సందులోంచి బయలుదేరితే పిల్లులు గోడలెక్కేస్తాయి. అయితే ఈ ప్రతాపమంతా ఫలక్‌నుమా వంతెన దాకానే. ఎత్తు మొదలయ్యే చోట రెండు దగ్గులు దగ్గి, ఓ నిట్టూర్పు విడిచి ఆగిపోతుంది. అక్కడి నుంచి మా ఇద్దరినీ ఎవరో ఒకరు వచ్చి పికప్ చేసుకోవాలి.

అసలు వింత అది కాదు. ఒక చాయ్ తాగేంత సేపు పక్కన వదిలేస్తే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. కాస్త దూరం ఉరుకుతుంది. మళ్లీ దగ్గు. చచ్చిన ఇంజను నేను చాయ్ తాగితే ఎట్లా బతుకుతుంది? మా ఆఫీసులో ఫైలు ఎందుకు కదలదో నాకు బాగా తెలుసు. కారు ఎందుకు కదలదో తెలియక నిద్ర పట్టడం మానేసింది.

మా మెకానిక్ డానియేలు షెడ్డు రైల్వే గేటు పక్కనే. బానెట్ ఎత్తే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. నా కారుకైతే కాస్త పొడుగు ప్రార్థన.

"అంజన్నా, సాఫు రోడ్డు మీద ఉరికి ఎత్తు కాడ ఆగుతుందంటే దానికి పెట్రోలు అందుతలేదు," అన్నాడు. "ఎత్తెక్కెటప్పుడు ఇంజను ఎక్కువ తాగుతది. మధ్యల ఏదో అడ్డం పడ్తున్నది."

"మరి అడ్డం పడ్డది చాయ్ తాగెలోపట ఎట్ల తొలుగుతది భాయ్?"

"గదే నాకు సమజైతలేదు. నువ్వు చాయ్ బంద్ చేసి చూడరాదు?"

ఫిల్టరు మార్చాడు. పంపు మార్చాడు. పైపులన్నీ ఊదాడు. ఇంధనానికి బంధనం ఎక్కడుందో దొరకలేదు. చివరికి ట్యాంకే దింపాడు. అడుగున తుప్పు కనిపించేసరికి ఇద్దరం పండగ చేసుకున్నాం. దొంగ దొరికాడు! కడిగి ఎండబెట్టాలి. డానియేలు షెడ్డు పక్కన వెల్డింగు దుకాణం, రోజంతా నిప్పురవ్వలు. అక్కడ పెట్రోలు ట్యాంకు ఆరబెడితే ఇద్దరం కలిసి పరలోకానికే. కాబట్టి ట్యాంకు మా ఇంటి మిద్దెకెక్కింది. అలా వడిగా పోవాల్సిన కారు ట్యాంకు, నా భార్య మహేశ్వరి ఎండబెట్టిన వడియాల పక్కన చేరింది.

"వడియాలకు పెట్రోలు వాసన అంటిందయ్యా! ఎవలన్న తిని బీడీ ముట్టిస్తే ఇల్లు లేస్తది!" అని మహేశ్వరి చేసిన లొల్లి సందు చివరి దాకా వినబడింది.

ఆరిన ట్యాంకును డానియేలు తీసుకుపోయి బిగించాడు. కారు ఉరికింది. వంతెన దగ్గర దగ్గింది.

మళ్లీ దింపాడు. పంపు బయటికి లాగి, దాని అడుగున ఉండే చిన్న వడపోత జాలీని అరచేతిలో పెట్టి నాకు చూపించాడు.

"అంజన్నా, ట్యాంకుల బగారన్నం వండుతున్నవా?"

జాలీ నిండా బియ్యపు గింజలు! తెల్లగా, నానినట్టు, ఒకదాన్నొకటి అతుక్కుని. అప్పుడర్థమైంది చాయ్ రహస్యం. ఇంజను గట్టిగా పీల్చినప్పుడు గింజలన్నీ వచ్చి జాలీకి అడ్డంగా పడతాయి. ఇంజను ఆగితే పీల్పు ఆగుతుంది, గింజలు మెల్లగా అడుక్కి జారిపోతాయి. మళ్లీ దారి తెరుచుకుంటుంది. మొదట్లో ఇదే పని తుప్పు పెచ్చులు చేశాయన్నమాట. చచ్చినది ఎట్లా బతుకుతుందో తెలిసింది గానీ, బియ్యం ఎట్లా వచ్చాయో తెలియలేదు.

"మిద్దె మీద ఎలుకలున్నయా?" అన్నాడు డానియేలు.

"ఉన్నయి. అయితే ఎలుక గింజ తింటది గని, తెచ్చి దాస్కుంటదా?"

"నీ ఇంట్ల ఎలుక గద. సర్కారు నౌకరి చేస్తుండొచ్చు. పని చేయదు, జమ చేస్తది."

ఈ బియ్యం సంగతి మహేశ్వరికి చెప్పొద్దని డానియేలుతో ఒట్టేయించుకున్నాను. వడియాల గొడవే ఇంకా ఆరలేదు, దాని మీద ఎలుకల గొడవ కూడానా! ట్యాంకు మళ్లీ కడిగి, ఈసారి మూతికి గుడ్డ కట్టి, మళ్లీ మిద్దె మీద ఆరబెట్టాం. బిగించాం. వంతెన దగ్గర దగ్గింది.

ఆ రోజు డానియేలు ఆటోకు తాడు కట్టి లాక్కొస్తుంటే సందులో ఆడవాళ్లంతా గుమ్మాల్లో నిలబడ్డారు. మహేశ్వరి మెట్ల మీద నడుముకు చేతులు పెట్టుకుని ఉంది.

"ఇగ చాలయ్యా. ట్యాంకున్నది, బండున్నది, ఒక్కనాడన్న నన్ను ట్యాంక్‌బండ్ దాకా తోల్కపోయినవా? రోడ్డు మీద అందరు నవ్వుతున్నరు. వైకుంఠమన్నకు చెప్పిన. ఐతారం వచ్చి తీస్కపోతడు."

వైకుంఠం పాత బండ్ల వ్యాపారి. అంటే మా కారుకు వైకుంఠప్రాప్తి ఖాయమైందన్నమాట. ఈ మాట పైకే అన్నాను. మహేశ్వరి నవ్వలేదు. ఆమె నవ్వలేదంటే మాట ఖరారే.

నాకు బాధగానే ఉంది. ఇంకో కారు కొనే వయసూ కాదు, ఆ ధైర్యమూ లేదు. అయినా బాధకన్నా కుతూహలం ఎక్కువ సతాయించింది. "అమ్మితే అమ్ముదాం భాయ్," అన్నాను డానియేలుతో, "గని గా బియ్యం యాడికెల్లి వస్తున్నయో తెల్వకుంట మాత్రం అప్పజెప్ప." డానియేలు ట్యాంకు దింపి, కడిగి, గింజలన్నీ తీసి మళ్లీ మా మిద్దెక్కించాడు. ఆదివారం పొద్దున్నే నల్లా నీళ్లు పట్టే వేళకు నేను నీళ్ల ట్యాంకు వెనక నక్కి కూర్చున్నాను. చేతిలో ఎలుకల కోసం చీపురు. ఒక ట్యాంకు చాటున కూర్చుని ఇంకో ట్యాంకుకు కాపలా!

ఎలుక రాలేదు. మహేశ్వరి వచ్చింది.

తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని, చేతిలో పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఒక తమలపాకు. కారు ట్యాంకు ముందు కూర్చుని, మూతికి కట్టిన గుడ్డ విప్పింది. పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. గుప్పెడు బియ్యం తీసి లోపల పోసింది. ఇంకో గుప్పెడు. ఆడబిడ్డ అత్తగారింటికి పోయేటప్పుడు కొంగులో ఒడిబియ్యం పోస్తారు చూడండి, అచ్చం అట్లాగే, అంతే భక్తిగా.

"పోతున్నవ్ గద," అంది ట్యాంకుతో. "ఎప్పుడు ఒక్క గుప్పెడే పోసేదాన్ని. గియ్యాల నిండుగ పోస్తున్న. పోయిన కాడ మంచిగుండు. ఈయనను సతాయించినట్టు ఆళ్లను సతాయించకు."

అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నా చేతిలోంచి చీపురు జారింది. మహేశ్వరి ఉలిక్కిపడి లేచింది.

"ఏందయ్యా దొంగలెక్క! గీడేం జేస్తున్నవ్?"

"ఎలుకను పట్టనీకి వచ్చిన."

"దొరికిందా?"

"దొరికింది. బొట్టు పెట్టుకొని ఉన్నది. ఎప్పటిసంది పోస్తున్నవే?"

"మొదటిసారి దించి తెచ్చినప్పటిసంది," అంది మొహం పక్కకు తిప్పుకుని. "ఖాళీ కడుపుతోని ఇంట్లకెల్లి ఏది బయటికి పంపొద్దంటది మా అమ్మ. గిన్నె వాపసిస్తే గిన్నెల ఇంత చక్కెరేసి ఇస్తం గద? నువ్వేమో స్టీరింగు పట్టుకుంటే మనిషివి కావు. బండి నిన్ను తీస్కపోయి యాడనన్న పారేస్తదేమోనని నాకు ఫికర్. మళ్ల ఇంటికి రావాలె అని మొక్కి పోసిన. వచ్చింది గద ప్రతిసారి!"

వచ్చింది. నిజమే. తాడు కట్టి లాక్కొస్తే వచ్చింది.

చెబితే కారు దక్కుతుంది, ఆమె మొక్కు నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే మొక్కు దక్కుతుంది, కారు పోతుంది. వంగి చీపురు తీసుకుని, ట్యాంకు మూతి దగ్గర రాలిన గింజలు ఊడవసాగాను. మహేశ్వరి నా మొహం చూసింది, ట్యాంకు చూసింది, చేతిలో పళ్లెం చూసింది.

"ఏమయ్యా... గీ బియ్యంతోనే ఆగుతుందా?"

తలూపాను. ఇంజను గట్టిగా పీలిస్తే గింజలు ఎట్లా అడ్డం పడతాయో చెప్పాను. ఇప్పటి పెట్రోల్లో స్పిరిటు కలుస్తుంది, అందులో పసుపంతా కడుక్కుపోయి గింజలు తెల్లబడ్డాయని, అందుకే మాకు అనుమానం రాలేదని చెప్పాను. తిడుతుందో ఏడుస్తుందో అనుకుంటే, కింద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. వడియాలు అదిరేలా నవ్వింది.

"అయ్యో! తిండి పెట్టి పెట్టి చంపిన కదయ్యా దాన్ని!"

ఆ నవ్వులోనే కింద వైకుంఠం గొంతు వినిపించింది. ట్యాంకు కోసం వచ్చిన డానియేలు కూడా వెనకే మెట్లెక్కాడు. పళ్లెం, బొట్టు, పసుపు గింజలు చూసి డానియేలు చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడకుండా ట్యాంకును తలకిందులు చేసి గింజలు దులపడం మొదలుపెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అప్పుడే తెలిసింది.

వైకుంఠానికి మాత్రం సంగతి ఇంకోలా అర్థమైంది. "ఒడిబియ్యం పోసిన్రా చెల్లె? మస్తుగున్నది. ఇగ లేటెందుకు, పిల్లను తోలియ్యుండ్రి."

"నేను పోసింది తోలియ్యనీకి కాదన్నా, మళ్ల రానీకి," అంది మహేశ్వరి. "బండి అమ్ముతలేం. చాయ్ తాగి పో."

"మరి నిన్న ఫోన్ల..."

"నిన్న బండికి రోగముండె. గియ్యాల దాని రోగం నేనే అని తెలిసింది. నన్నైతే అమ్మలేం గద?"

వైకుంఠం నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. కొన్ని ప్రశ్నలకు భర్త జవాబు చెప్పకూడదు.

మధ్యాహ్నానికి డానియేలు ట్యాంకు బిగించాడు. పంపు లోపలికి దింపుతూ, "వదినె, ఇగ దీన్ల ఏమెయ్యద్దు. ప్రార్థన నేను చేస్తున్న గద," అన్నాడు. మహేశ్వరి పళ్లెంలో మిగిలిన పసుపు బియ్యాన్ని నా రుమాల్లో మూట కట్టి డిక్కీలో పెట్టింది. ఆ తర్వాత, ఈ కారు మా ఇంటికొచ్చాక మొట్టమొదటిసారి, వచ్చి నా పక్కన కూర్చుంది.

సందు దాటాం. పిల్లులు గోడలెక్కాయి. మహేశ్వరి ఒక చేత్తో తలుపు పైపిడి, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుంది. ఫలక్‌నుమా వంతెన మొదలు కనిపించింది. దగ్గు కోసం చెవులు రిక్కించాను. దగ్గు లేదు. కారు ఎత్తెక్కింది, వంతెన నెత్తిన కాసేపు ఆకాశంలో ఉన్నట్టే ఉంది, కింద రైలు పట్టాలు మెరిశాయి, అవతలి వైపుకు దిగిపోయింది. నేను గట్టిగా అరిచాను. మహేశ్వరి ఇంకా గట్టిగా అరిచింది.

"ఆపు! ఆపు!"

"ఏమైందే? భయమైందా?"

"భయమేంది! గా బండి మీద సీతాఫలాలు మంచిగున్నయ్. ఆపయ్యా!"

బ్రేకు తొక్కాను. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి, ఆ కారు నేను ఆపితే ఆగింది.