కాళ్ళు కుదుటపడ్డాక

కొత్త మాత్రలు మొదలుపెట్టాక ఆయన కాళ్ళు కుదుటపడ్డాయి. అంతకుముందు పక్క మీద వాలితే చాలు, పిక్కల లోపల చీమలు పాకుతున్నట్టుండేది ఆయనకి. కాళ్ళు విదిలించుకునేవాడు, లేచి తిరిగేవాడు, మళ్ళీ వచ్చి పడుకునేవాడు. పక్కన ఆమెకీ జాగారమే. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు. "ఆ డాక్టరమ్మది చల్లని చెయ్యి" అని ఆమె కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంది.

నిద్ర వచ్చింది గానీ మాట పోయింది. సెలూన్‌లో కుర్చీ ఎక్కినవాళ్ళని నవ్వించి నవ్వించి, "కదలకండి సార్, చెవి తెగితే అతికించడం నాకు రాదు" అనే మనిషి ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. కూరలో ఉప్పు లేకపోయినా అడగడం లేదు. ఉన్నట్టుండి కంచం తోసేస్తాడు. కాసేపటికి "నాదే తప్పు" అంటాడు, అదీ గోడతోనే. వయసు మీద పడుతోంది, నిద్ర కరువు తీరేదాకా ఇంతే అనుకుందామె. అలా అనుకోవడం తేలిక.

ఒక మధ్యాహ్నం ఆమె తమ్ముడొచ్చాడు. సెలూన్‌లో రెండో కుర్చీ అతనిదే. పని నేర్పింది బావే.

"అక్కా, బావ గడ్డాలు చేయడం మానేశాడు. తెలుసా?"

"మానేయడమేంటి?"

"జుట్టయితే కత్తిరిస్తాడు. గడ్డం అనగానే 'అటు కుర్చీలోకి వెళ్ళండి' అంటాడు. నాకున్నవి రెండు చేతులే. ఆయనేమో మహారాజులాగా తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి చూస్తూ నిలబడతాడు."

"ఒంట్లో బాగుండక ఏదో..."

"కాళ్ళ బాధ తగ్గిందని నువ్వే గదా ఊరంతా టముకు వేశావు! గడ్డం కాళ్ళతో చేస్తారా?"

"నోరు ముయ్యి. నీకు కత్తి పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. ఇవాళ మొదటి కుర్చీ మీద కన్నుపడిందా నీకు?"

తమ్ముడి మొహం మాడిపోయింది. "కుర్చీ నాకెందుకక్కా. రోజూ పక్కన నిలబడి చూస్తున్నవాణ్ణి. భయమేసి చెప్పడానికొచ్చా," అని చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చొక్కా చేతులు మడిచి పంపు కింద మొహం కడుక్కుంటున్నాడు. ఆమె తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది. అప్పుడు చూసింది ఆయన ఎడమ చెయ్యి.

బ్లేడు మార్చే కత్తులు వచ్చి ఎన్నాళ్ళయినా ఆయన తన పాత కత్తే వాడేవాడు. తోలుపట్టీ మీద నూరి, పదును చూడ్డానికి మోచేతి కింద వెంట్రుకల మీద ఒకసారి గీసేవాడు. పెళ్ళయినప్పటినుంచీ అక్కడ అరచేతంత మేర నున్నగా ఉండడమే ఆమెకి తెలుసు. "ఇదే నా సైన్‌బోర్డు" అనేవాడు. ఇప్పుడక్కడ నల్లగా, దట్టంగా వెంట్రుకలు. ఇవాళా నిన్నా పెరిగినవి కావు.

ఆమె పంపు కట్టేసింది.

"ఏవండీ, కత్తి ముట్టుకుని ఎన్నాళ్ళయింది?"

మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

"గడ్డానికొచ్చినవాళ్ళనేమైనా చేస్తానని కాదు," అన్నాడు చివరికి. "వాళ్ళ గొంతు నాకు కనపడదు. ఎదురుగా అద్దంలో నా గొంతే కనపడుతుంది. ఒక్క క్షణం పనే గదా అనిపిస్తుంది."

ఆమె పంపు గట్టు మీద కూలబడింది. "ఎప్పటినుంచి?"

"ఆ మాత్రలు వేసుకున్నాక. మొదట్లో నాకే అర్థం కాలేదు."

"నాతో చెప్పాలి గదా!"

"చెప్తే మానేయమంటావు. మళ్ళీ కాళ్ళు మొదలవుతాయి. ఇన్నాళ్ళకి ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నావు. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

ఏడుపు కన్నా ముందు కోపమొచ్చిందామెకి. "నా నిద్ర తగలెయ్య!" అని తువ్వాలు ఆయన మీదకి విసిరి, తమ్ముడికి ఫోన్ చేసింది.

క్లినిక్ మూసేలోపే ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ అంతా విని, ఈ మందు కొందరి మనసుని ఇలా కుంగదీస్తుందని చెప్పింది. ఉన్నపళంగా ఆపకూడదు, తగ్గించుకుంటూ వేరేదానికి మారుద్దామంది. ఆయన్ని ఒంటరిగా వదలొద్దంది. మర్నాడే మానసిక వైద్యుణ్ణి కలవమని చీటీ రాసిచ్చింది.

"మొన్నొచ్చినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని ఆయన్ని అడిగింది.

"మీరు కాళ్ళెలా ఉన్నాయని అడిగారమ్మా. బాగున్నాయనే చెప్పాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "సరే, ఇప్పుడడుగుతున్నా. ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఎవరితో చెప్తారు?"

ఆయన భార్య వైపు చూశాడు.

సెలూన్ కత్తులన్నీ తమ్ముడు తనింటికి పట్టుకెళ్ళాడు. వంటింట్లోవి కూడా ఆమె కాగితంలో చుట్టి ఇచ్చేసింది.

"మరి కూరలెలా తరుగుతావక్కా?"

"నువ్వు తరిగి తీసుకురా. గడ్డాల మీద చూపించే పనితనం వంకాయల మీద చూపించు."

"వంకాయలైతే నయం, కదలవు," అన్నాడు తమ్ముడు. నవ్వబోయి, కళ్ళు తుడుచుకున్నాడు.

మాత్ర తగ్గించగానే కాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు చేత్తో తుంచుతుంటే ఆయనా వచ్చి కూర్చున్నాడు. నిలవలేక లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మోకాలు బల్లకి కొట్టుకుని కాయలు దొర్లిపోతున్నాయి.

"మళ్ళీ నీకు నిద్ర ఉండదు," అన్నాడు.

"ఉండదు." ఆమె ఈనె లాగి పడేసింది. "ఇవాళ ఎలా ఉంది?"

కాళ్ళ గురించి కాదని ఆయనకి తెలుసు. చేతిలో కాయని తుంచకుండా చాలాసేపు పట్టుకున్నాడు.

"పొద్దున వచ్చింది. ఇప్పుడు లేదు."

"పొద్దునెందుకు చెప్పలేదు?"

"నువ్వు బట్టలు ఉతుకుతున్నావు."

"సబ్బు చేతులతో వినకూడదా?"

"ఈసారి చెప్తాను."

ఆమె నమ్మలేదు. నమ్మడం లేదని అనలేదు కూడా. కిందపడ్డ కాయలు ఏరి ఆయన ముందు పోసి, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.