రెండు వేళ్ళ గుడ్డ

పేదవాడు కావడంలో కూడా మల్లప్పదే పైచేయి అయింది. సంజీవప్ప ఈ మాట అనుకుంటూనే బూడిదరంగు గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. మల్లప్పకు ఇల్లు లేదు, సెంటు భూమి లేదు, బెల్లం మండీలో మూటలు మోసే వీపు తప్ప ఏమీ లేదు. అందుకని వాడి కొడుకు గంగాధరకు అనంతపురం కాలేజీలో చదవడానికి సర్కారు స్కాలర్‌షిప్పు వచ్చింది. సంజీవప్పకు మాత్రం కుట్టుమిషను ఉంది.

హిందూపురం బజారులో, అశ్వత్థప్ప బట్టల అంగడి అరుగు మీద ఆ మిషను ఏళ్ళుగా ఒకేచోట ఉంది. భార్య ఓబులమ్మ చెవికమ్మలు అమ్మి కొన్నది. ఆమె పోయింది. కమ్మలు మాత్రం ఇంకా తన కాళ్ళ కింద తిరుగుతున్నాయని సంజీవప్పకు అనిపిస్తుంది.

పంతొమ్మిది వందల ముప్పైతొమ్మిది ఎండాకాలంలో పెనుకొండ నుంచి స్కాలర్‌షిప్పు విచారణకు వచ్చిన ఉద్యోగి ఈ అరుగు ముందే నిలబడ్డాడు.

“ఇది నీదేనా?”

“నాదే సామీ,” అన్నాడు సంజీవప్ప. కొంచెం గర్వంగానే అన్నాడు.

“అయితే ఆస్తి ఉండాదన్నమాట. మీవానికి ఫీజులో సగం మాఫీ చేస్తారప్పా. హాస్టలు తిండికి, పుస్తకాలకు ఇయ్యరు.”

సగం మాఫీ అయితే మాత్రం అనంతపురంలో అన్నం పెట్టేదెవరు? పరీక్షలో గంగాధర కంటే ముందు నిలిచిన తన కొడుకు నారాయణస్వామి ఇప్పుడు అదే బెల్లం మండీలో తక్కెడ దగ్గర నిలబడుతున్నాడు. ‘నాదే’ అన్న ఆ ఒక్క మాటను సంజీవప్ప రోజూ వెనక్కి తీసుకుంటాడు. అది రోజూ మళ్ళీ నోటి నుంచి వెళ్ళిపోతుంది.

ఈ బూడిదరంగు గుడ్డ గంగాధర కోటుకని బెల్లం మండీ సాహుకారు ఇచ్చింది. సాయంత్రం అనంతపురం రైలుబండికి కోటు కావాలి.

ఎదిగే పిల్లల కోటుకు సంజీవప్ప కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాడు. భుజాలు వెడల్పయినప్పుడు కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఎవరూ అడగరు, చెయ్యి దానంతటదే వదులుతుంది. ఊళ్ళో ఎందరో కుర్రవాళ్ళు ఆ రెండు వేళ్ళలోనే పెద్దవాళ్ళయ్యారు. ఈరోజు కత్తెర గీత అంచునే పోయింది, కుట్టు పట్టేంత మాత్రం వదిలి. మిగిలింది పేలికలై మిషను కింద రాలింది. గుడ్డ చాలదు, అనుకున్నాడు. చాలుతుందని తెలుసు. పుండును గోకినప్పటి సుఖం లాంటిదేదో లోపల కలిగింది. దాన్ని ఆపలేదు.

మధ్యాహ్నం తండ్రీకొడుకులు కొలత చూసుకోవడానికి వచ్చారు.

“ఏమబ్బా సంజీవప్పా, అయిందా? మావాడు తెల్లారినప్పట్నుంచి ఒకతావ నిలబడ్డంలేదు,” అన్నాడు మల్లప్ప.

గంగాధర కోటు తొడుక్కున్నాడు. చర్మంలా పట్టింది. చేతులు ఎత్తమన్నాడు సంజీవప్ప.

“రవ్వంత బిగువుగా ఉండాది మామా.”

“కొత్త గుడ్డ. వేసుకునేకొద్దీ సడలుతాది.”

అబద్ధం చెప్పే నోటికి దగ్గరలోనే కుర్రవాడి మణికట్టు ఉంది, చేతికి మించిన ఎముకతో. వీడు ఇంకా చాలా ఎదుగుతాడు. వచ్చే వానల నాటికి, పదిమంది నడుమ, చంకలో ఈ కోటు పిగులుతుంది. ఆ చప్పుడు సంజీవప్పకు ఇప్పుడే వినిపించింది.

మల్లప్ప మిషను మీద చెయ్యివేసి నవ్వాడు. “ఆ పొద్దు దీన్ని నా గుడిసెలో దాపెట్టింటే మీవాడే పోయుండునబ్బా! నాకు ఆస్తి వచ్చి మావాడు ఈడ్నే ఉండిపోయుండు!”

సంజీవప్ప కూడా నవ్వాడు. నవ్విన దవడ చాలాసేపు నొప్పిపెట్టింది.

గుండీలు కుట్టడానికి కోటు వదిలి వాళ్ళు వెళ్ళాక నారాయణస్వామి మండీ నుంచి వచ్చాడు. మోచేతుల దాకా బెల్లం జిగురు. పంచెకు చేతులు తుడుచుకుని స్నేహితుడి కోటు ఎత్తి చూశాడు. మిషను పక్కనే పెరిగినవాడు, బొటనవేలు అలవాటుగా కుట్టు లోపలికి పోయింది.

“నాయనా, లోపల గుడ్డ వదల్లేదే?”

“చాల్లేదు.”

కొడుకు కింద రాలిన పేలికలను చూశాడు. వంగి, అన్నీ ఏరి, బుట్టలో వేశాడు. “టేసనుకు పోతాండా. వాన్ని ఎక్కించి వస్తా,” అని వెళ్ళిపోయాడు. వాడి ముఖంలో అసూయ లేదో, ఉండి దాచుకున్నాడో సంజీవప్పకు తెలియలేదు. తన కొడుకు ముఖం తనకు తెలియకపోవడమే అతన్ని లేపి నిలబెట్టింది.

పేలికలన్నీ వేలెడేసి. చంకలో అతుకు వేయడానికి ఒక్కటీ పనికిరాదు. వెనక గోడకు, పాత పంచె కప్పి, ఒక నీలం కోటు వేలాడుతోంది. విచారణకు ముందే, ఆశకొద్దీ, నారాయణస్వామికని మొదలుపెట్టింది. ఒళ్ళు కుట్టాడు, చేతులు కుట్టలేదు. వచ్చే యేడు చూద్దామని అమ్మకుండా ఉంచాడు. దాన్ని దించి మోకాళ్ళ మీద పరిచాడు. కత్తెర ఒకసారి నోరు తెరిచి ఊరుకుంది. తర్వాత చంకల కింద కోసింది.

బూడిదరంగు కోటు కుట్లు విప్పి, ఆ నీలం ముక్కలు వేసి కుడుతున్నంతసేపూ మల్లప్పను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాడు. అసూయ పోలేదు. చెయ్యి మాత్రం వదులుగా కుట్టింది.

బండి వేళకు మల్లప్ప ఒక్కడే పరుగున వచ్చాడు.

“అతుకు వేసినా. చెయ్యెత్తితే నీలం అగుపిస్తాది,” అన్నాడు సంజీవప్ప.

“క్లాసులో చెయ్యెత్తేది మావాడే కదప్పా, అగుపించనీ!”

కోటు వెళ్ళిపోయింది. దీపాల వేళ స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. పెనుకొండ, ధర్మవరం దాటి అనంతపురం పోయే బండి. కూత సన్నబడిందాకా ఆగి, సంజీవప్ప మోకాళ్ళ మీది నీలం కోటు దులిపి, మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. ఈసారి పంచె కప్పలేదు. చేతుల్లేని ఆ కోటులో, చంకల కింద కోసిన రెండు చోట్ల, వెనకాల సున్నపు గోడ తెల్లగా కనిపిస్తూ ఉంది.