జానెడు నుంచి నిలువెత్తు దాకా

దానవాయిపేటలోని చంద్రరావు గారి ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చి పాతికేళ్లయింది కానీ, ఆయన మనసులోకి మాత్రం ఇంకా రాలేదు. ఏ మాట ముదురుగా పడాలో, ఏది వాలుగా పడాలో ఒక్కొక్కటే మౌసుతో పట్టుకుని మార్చాల్సిందే. చేత్తో చెయ్యనిది పనే కాదంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

అక్కడ పదకొండేళ్లుగా పేజీలు కూర్చేది సూర్యకళ. పని ఆమెది, ప్రతి పుస్తకం చివర ‘రూపకల్పన’ పక్కన పడే పేరు మాత్రం చంద్రరావు గారిది. ఇది ఆమెకు చాలాకాలంగా కడుపులో మంట. అందుకే కడియం నుంచి గణేష్‌బాబు నర్సరీ కేటలాగు, తొమ్మిది వందల మొక్కల పని, వచ్చిన రోజే నోరు విప్పి అడిగేసింది.

“ఈసారి నా పద్ధతిలో చేస్తానండి. అనుకున్న టైముకి ఇస్తే చివర నా పేరు వెయ్యాలండి.”

“ఇవ్వలేకపోతే?”

“ఇంకెప్పుడూ అడగనండి.”

తన పని మీద ఆమెకు గట్టి నమ్మకమే ఉంది.

ఆమె పద్ధతిలో మాటలను ఒక్కొక్కటే పట్టుకునే పని లేదు. వాటి పోలిక ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కసారి చెప్పి పెడితే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో శాస్త్రీయ నామం కనిపిస్తే వాల్చు. అంకె పక్కన ‘అడుగులు’ అని ఉంటే ఆకుపచ్చ చెయ్యి. రెండు చుక్కలు కనిపిస్తే వాటి తర్వాతది ముదురు చెయ్యి. ‘రంగు: ఎరుపు’ అంటే అందులో ‘ఎరుపు’ అనే మాట ముదురుగా పడుతుందన్నమాట. ఆ తర్వాత ఎంత లిస్టు ఎక్కించినా దానంతటదే ముస్తాబవుతుంది. అరవై నాలుగు పేజీలు నాలుగు రోజుల్లో తయారయ్యాయి. చంద్రరావు గారు భూతద్దం పెట్టి తప్పులు వెతికారు. ఒక్కటీ దొరక్కపోవడంతో ఆ రోజు ఆయనకు కాఫీ సయించలేదు.

ఫైలు అచ్చు ప్లేట్ల తయారీకి వెళ్లాల్సిన రోజు పొద్దున్న పదిన్నరకు గణేష్‌బాబు వచ్చి, గుమ్మంలోనే నిలబడి నీళ్లు నమిలాడు.

“మొక్కలు ఎదిగిపోయాయండి.”

“ఏంటండీ?”

“మీకిచ్చిన లిస్టు ఆషాఢంలోదండి. ఇప్పుడు కార్తీకం. అప్పటి రెండడుగులు ఇప్పుడు నాలుగైపోయాయండి. మా మేస్త్రి నాగదుర్గ మూడు రోజులు తోటంతా తిరిగి కొత్త లిస్టు ఫోన్లో చెప్పి టైపు చేయించింది. రేపు విజయవాడ ప్రదర్శనకి లారీ కదులుతుందండి. పుస్తకాలు అందులోనే వెళ్లాలి.”

ఒంటిగంటకల్లా ఫైలు ఇవ్వకపోతే ఆ రోజుకు ప్లేట్లు రావు. చంద్రరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

“చేత్తో చేస్తే మళ్లీ మొదట్నుంచి మూడు వారాలండి,” అన్నారు.

“ఇలా ఇవ్వండి,” అంది సూర్యకళ. పాత లిస్టు తీసేసి కొత్తది ఎక్కించింది. శాస్త్రీయ నామాలు వాలాయి, రంగులు ముదురుగా పడ్డాయి. ఎత్తులు మాత్రం ఒక్కటీ పచ్చబడలేదు. తెల్లబోయి దగ్గరగా చూసింది. అడుగులూ లేవు, అంకెలూ లేవు. నందివర్ధనం, నడుమెత్తు. మందారం, మోకాలెత్తు. తొమ్మిది వందలూ అదే తంతు.

“చెప్పానా,” అన్నారు చంద్రరావు గారు. ఆ గొంతులోని తృప్తికి సూర్యకళకు ఒళ్లు మండింది.

“మా దగ్గర అంతేనండి,” అన్నాడు గణేష్‌బాబు. “మొదటి లిస్టు నేను రాశాను కాబట్టి అడుగులేశాను. ఇదే ఉంచండి, మా వాళ్లకి ఇదే అలవాటు. అడుగులంటే టేపు పట్టుకొస్తారు.”

సూర్యకళ నాగదుర్గ నంబరు తీసుకుని ఫోను చేసింది.

“ప్రెస్సు నుంచండి. మీ తోటలో ఎత్తుకి మొత్తం ఎన్ని మాటలండి?”

“ఆరేనండి. జానెడు, మూరెడు, మోకాలెత్తు, నడుమెత్తు, భుజమెత్తు, నిలువెత్తు. అది దాటితే మేం కొలవమండి, కొనేవాళ్లే మెడెత్తి చూసుకుంటారు.”

“ఎవరి మోకాలండి?”

“నాదేనండి. ఇరవయ్యేళ్లుగా మొక్క పక్కన నిలబడేది నేనే కదండి.”

సూర్యకళకు నవ్వొచ్చింది. తొమ్మిది వందలంటే భయం గానీ, ఆరంటే ఎంతసేపు? నియమంలో అంకెలూ అడుగులూ తీసేసి ఆ ఆరు మాటలూ రాసింది. వీటిలో ఏది కనిపించినా సరే, పచ్చ చెయ్యి. మీట నొక్కేసరికి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎత్తులన్నీ పచ్చబడ్డాయి. అప్పటికి గడియారంలో పదకొండున్నర.

చంద్రరావు గారు భూతద్దంతో సహా వచ్చి కూర్చున్నారు. ముప్పై తొమ్మిదో పేజీలో ఆయన మొహం వెలిగింది.

“ఇదిగో, పచ్చబడలేదు.”

పొగడ మొక్క పక్కన ‘నా అంత’ అని ఉంది. నాగదుర్గ ఆ ఒక్కచోట కొలత మర్చిపోయి తన సంగతి చెప్పేసినట్టుంది.

“ఆ ఒక్కటీ మీరు చేత్తో చేసెయ్యండి,” అంటూ సూర్యకళ మౌసు ఆయన వైపు జరిపింది.

ఆయన ‘నా అంత’ కొట్టేసి, శ్రద్ధగా ‘నిలువెత్తు’ అని వేశారు. రంగు మార్చబోతే అది అప్పటికే పచ్చగా ఉంది. కాసేపు దానికేసి చూశారు. తర్వాత చివరి పేజీకి వెళ్లి, ఆఖరి మొక్క కింద ఒంటివేలితో ‘రూపకల్పన’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి ఆగిపోయారు. పదకొండేళ్లుగా ఆ చుక్కల తర్వాత ఆయన వేలు ఏ అక్షరం మీదకు వెళ్తుందో సూర్యకళకు తెలుసు.

ఆయన ‘సూ’ అని కొట్టారు. అక్షరం ముదురుగా పడింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు.

“నేనేం చెయ్యలేదమ్మా. దానంతటదే అయింది.”

“అవుతుందండి,” అంది సూర్యకళ. “పూర్తి చెయ్యండి.”