ఎవరు ముందు తలుచుకున్నట్టు?

అన్నం తింటూండగా ఆమెకు మళ్ళీ పొలమారింది. తల మీద తనే తట్టుకుంది.

"చెల్లెలు తలుచుకుంటోంది," అంది కళ్ళు తుడుచుకుంటూ.

భర్త గొంతు డాక్టరు. రోజంతా జనం నోళ్ళలోకి లైటు వేసి చూసే మనిషి, పెళ్ళాం మాట ఒప్పుకుంటాడా? "మెతుకు గాలిగొట్టంలోకి పోయింది. కాస్త నమిలి తిను," అన్నాడు.

ఆమె బాధ గొట్టం గురించి కాదు. అక్కచెల్లెళ్ళకు మాటల్లేక వేసవి దాటిపోయింది. చెల్లెలు ఆఫీసు వాళ్ళతో విహారయాత్రకు బయలుదేరుతుంటే, మనసు కీడు శంకిస్తోంది, ఆ బస్సెక్కకు అని ఈవిడే ఆపేసింది. బస్సు లక్షణంగా వెళ్ళి, పాటలు పాడుకుంటూ తిరిగొచ్చింది. "నీ చాదస్తానికి నేను బలైపోయాను," అని చెల్లెలు ఫోను పెట్టేసింది. బస్సు బోల్తా పడనందుకు క్షమాపణ ఎలా చెప్పుకోవాలో ఆమెకు ఇప్పటికీ తెలియలేదు. అవతల తలుచుకుంటున్నారని తేలితే మాత్రం, ముందు తనే ఫోను చేసినా చిన్నతనం కాదు.

"పొలమారినా ఎవరూ పలకరించని రోజులు గుర్తున్నాయా నీకు?" అన్నాడు డాక్టరు. "ఉండవు. కలిసొచ్చినవే గుర్తుంటాయి. అందుకే ఇలాంటివి సైన్సు ఒప్పుకోదు. పైగా పొలమారగానే తలుచుకున్నది నువ్వు. ఆ లెక్కన ఇప్పుడు పొలమారాల్సింది ఆవిడకి."

టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

మాట సబబుగానే ఉంది. అదే ఆమెను తికమక పెట్టింది. ఫోను తీసింది, పెట్టేసింది. మళ్ళీ తీయబోతుంటే అదే మోగింది.

"ఏమిటే అక్కా నీ గోల? గుక్కెడు నీళ్ళు తాగనివ్వవా? ఉక్కిరిబిక్కిరై చచ్చాను," అంది చెల్లెలు.

"నేనా? ముందు తలుచుకున్నది నువ్వు కదటే."

"నేనెందుకు తలుచుకుంటాను? పొలమారాకే గుర్తొచ్చావు."

"నాకూ అంతే."

ఎవరూ ముందు తలుచుకోకపోతే ఇద్దరికీ ఎందుకు పొలమారినట్టు?

"ఆ బస్సు సంగతి..." అంది అక్క మెల్లగా.

"పోనిద్దూ. ఈసారి కనీసం టైరైనా పంక్చరయ్యేలా చూడు. అవునూ, దీనికి బావగారేమంటారు?"

"ఏమంటారు, గొట్టమంటారు."

ముందుగదిలో గ్లాసు టక్కున పెట్టిన చప్పుడు, ఆ వెంటనే తెరలు తెరలుగా దగ్గు.

"గాలిగొట్టం," అని వినిపించింది, ఎవరూ అడక్కముందే.

ఆమె ఫోను చేత్తో పట్టుకునే వెళ్ళి ఆయన తల మీద తట్టింది. డాక్టరు వద్దనలేదు. దగ్గు తగ్గాక ఫోను వంక అనుమానంగా చూశాడు.

"ఎవరు?" అన్నాడు.