తడిసిన పోగు

సూది కొన నుంచి పోగు వస్తుంది. కంటికి ఆనదు. వెలుతురు తగిలితే మాత్రం... ఒక్క మెరుపు.

ఉమెయో ల్యాబ్‌లో ఆ చలికాలమంతా ఆ మెరుపునే చూశాను.

సాలీడు కడుపులో తయారయ్యే పదార్థాన్ని మేం తొట్లలో తయారుచేసి, పోగుగా లాగుతాం. కొండల్లో చిక్కుకున్నవాళ్ళను పైకి లాగే తాడు కోసం.

పక్క గదిలో అసలు సాలీళ్ళు. పద్దెనిమిది గాజు సీసాలు. గది వెచ్చగా ఉంచి, చలికాలంలోనూ వాటిని పెంచేది గున్‌వోర్. అన్నిటికీ తన మేనత్తల పేర్లు, పిన్నుల పేర్లు.

జనవరిలో ఒక పోగు నా చేతిలోంచి సింకులో పడింది. తడిసింది. ముడుచుకుంది — సగానికి.

నా పొరపాటే అనుకున్నాను.

కాగితంలో చుట్టి పారేశాను. ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో మా పోగు బలంలో సాలీడు పోగును మించింది. హీటర్లు ఆరబెట్టిన గదిలో... పొడి గాలిలో మించింది.

ఇక సాలీళ్ళు అక్కర్లేదేమో అన్నాడు మా పెద్ద హెన్నింగ్, కాఫీ బల్ల దగ్గర.

గున్‌వోర్ దాల్చినచెక్క బన్ను తుంచుతూ అడిగింది. "తడిపి చూశారా?"

"అది తాడు, గున్‌వోర్. తలంటు పోయక్కర్లేదు," అన్నాడు హెన్నింగ్.

అందరూ నవ్వారు. నేనూ.

"పొద్దున మంచుకి సాలెగూడు బిగుస్తుంది. మరి మీ తాడో?"

మా దగ్గర ఏ నిర్ణయమైనా బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడిగే తీసుకుంటారు. ఒక్కరు కాదన్నా ఆగుతుంది. సాలీళ్ళను సాకే గున్‌వోర్‌కు మాత్రం వంతు లేదు.

నా వంతు వచ్చింది. గున్‌వోర్ నా వైపే చూసింది.

"సరే," అన్నాను.

సాలీళ్ళు చలికి చావాలని సీసాలు ఫ్రీజర్‌లో పెట్టింది నేనే. గున్‌వోర్ ఒక్కో పేరూ చదివి అందించింది. చివరిది ఇస్తూ, "జాగ్రత్త తూవా, పడేసేవు," అంది.

సాలీళ్ళు లేని చోట ఆమెకు పని లేదు. ఆ వారమే వెళ్ళిపోయింది.

మే నెలలో తాడును బయట వేలాడదీశాం. వాన పడింది. తాడు ముడుచుకుంది. ఆరినా సాగలేదు. లాగితే తెగింది.

సాలీడు పోగును కూడా తడిపి చూద్దాం, తెమ్మన్నాడు హెన్నింగ్. అని... తనే ఆగిపోయాడు.

ల్యాబ్ వెనక తడి గడ్డిలో వెతికాను. అప్పుడే పుట్టిన సాలీడు పిల్లలు — ఆవగింజంత. పోగు తీసేంత పెరగాలంటే ఆగస్టు రావాలి.

అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని గున్‌వోర్‌కు ఫోన్ చేశాను. సింకు సంగతి చెప్పాను.

"ఎప్పుడు?"

"జనవరిలో."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.

ముఖానికి ఏదో పోగు తగిలింది. సన్నగా... తడిగా... కంటికి ఆనలేదు.

తుడుచుకోలేదు.